‘అచ్చమైన రుచి’ ఎవరి రుచి? హైదరాబాద్ హోటళ్ళలో మన తిండిని వెతుక్కోవడం ఎలా

ఊరి నుంచి చుట్టాలొచ్చినా, వేరే రాష్ట్రం నుంచి ఉద్యమ మిత్రులొచ్చినా హైదరాబాద్‌లో మనకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎక్కడ తిందాం? ఇక్కడి తిండే తినాలని వాళ్ళు అంటారు. ఫోన్ తీసి వెతికితే ‘అసలు సిసలు తెలంగాణ వంటలు’, ‘అచ్చ తెలుగు భోజనం’, ‘అమ్మమ్మ చేతి రుచి’ అంటూ వరసగా పేర్లు వస్తాయి. లోపలికి వెళ్తే గోడకు ఎడ్లబండి చక్రం, మూలన రోలు, పంచె కట్టిన సర్వర్లు కనిపిస్తారు.

ఒకసారి మేం నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దమ్మను అలాంటి హోటల్‌కే తీసుకెళ్ళాం. మెనూ అంతా చదివి వినిపించాం. ఆమె నిదానంగా విని, “అన్నీ ఉన్నయి గని బిడ్డా, మన వాడల వండేది ఒక్కటన్న ఉన్నదా?” అని అడిగింది. మళ్ళీ మొదటి నుంచి చూశాం. ఒక్కటీ లేదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర మొదలైంది. మేం ఏ హోటల్‌కూ మార్కులు వేయడం లేదు. ఒక ప్రాంతం పేరో, ఒక జాతి పేరో పెట్టుకుని తిండి అమ్మే హోటల్‌ను ఎలా వెతకాలి, అది చెప్పుకునే ‘అచ్చమైన’ అనే మాటను ఎలా పరీక్షించాలి అన్నదే ఇక్కడి విషయం. మా అభిప్రాయం సూటిగా చెప్తాం: ఒక హోటల్ ఎంత అచ్చమైనదో తెలియాలంటే అక్కడ ఏం వండుతున్నారో చూస్తే సరిపోదు. ఏం వండడం లేదో, ఎందుకు వండడం లేదో కూడా చూడాలి.

బోర్డు మీది కులం

దక్షిణాదిలో హోటల్ అనేది కులంతోనే మొదలైంది. ఇంటి బయట తింటే మైల పడతామని భయపడే వాళ్ళ కోసం ‘బ్రాహ్మణ హోటల్’ అనే బోర్డు పుట్టింది. వండేవాడి కులమే శుచికి హామీ అని దాని అర్థం. రైల్వే స్టేషన్ల భోజనశాలల్లో కూడా బ్రాహ్మణులకు వేరే గది, మిగతా వారికి వేరే గది ఉండేవి. పెరియార్, జస్టిస్ పార్టీ చేసిన ఒత్తిడితో 1941లో మద్రాసు ప్రాంతపు రైల్వే భోజనశాలల్లో ఆ విభజన పోయింది. బోర్డుల మీది కులం మాత్రం ఉండిపోయింది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు నుంచి ‘బ్రాహ్మణ’ అనే మాట తీసేయాలని పెరియార్ నాయకత్వంలో నెలల తరబడి పికెటింగ్ జరిగింది. వందల మంది అరెస్టయ్యారు. చివరికి ఆ పేరు మారింది.

ఇప్పుడు మన నగరంలో ఏ వీధిలో నడిచినా కులం పేరు బోర్డు మీద గర్వంగా కనిపిస్తుంది. రాజుల భోజనం, రెడ్డి మెస్, చౌదరి రుచులు, బ్రాహ్మిన్ టిఫిన్స్ అని రాసి ఉంటుంది. వాటిని ఎవరూ ‘కుల హోటళ్ళు’ అనరు, సంప్రదాయ వంట అంటారు. అదే వీధిలో ‘మాదిగ భోజనం’, ‘మాల మెస్’ అనే బోర్డును ఊహించుకోండి. ఎంత మంది లోపలికి వస్తారు? ఇల్లుగలాయన షట్టర్ అద్దెకు ఇస్తాడా? ఒక కులం పేరు రుచికి ప్రచారంగా మారుతుంది, ఇంకో కులం పేరు దాచుకోవాల్సి వస్తుంది. ‘అచ్చమైన’ అనే మాట వెనక ఈ తేడా ఉంది.

చట్టం ఏం చెప్తుందో విద్యార్థులు తెలుసుకుని ఉండాలి. రాజ్యాంగంలోని 15(2) అధికరణ ప్రకారం దుకాణాలు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్ళలో ప్రవేశానికి కులం కారణంగా ఎవరినీ అడ్డుకోకూడదు. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ హోటల్‌లోకి రానివ్వకపోవడాన్నే కాదు, అక్కడ అందరి కోసం ఉంచిన పాత్రలు వాడనివ్వకపోవడాన్ని కూడా నేరంగా ప్రకటించింది. దానికి నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇలాంటి అడ్డగింపులను ఆ చట్టం కిందికి కూడా తెచ్చింది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి కనబడితే అది ఆచారం కాదు, కేసు పెట్టదగిన నేరం.

మెనూలో కనిపించనివి

2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు పైబడిన వారిలో 98 శాతానికి పైగా మాంసం తింటారు. ఆంధ్రప్రదేశ్ కూడా దాదాపు అంతే. కాబట్టి శాకాహారమే తెలుగువారి సంప్రదాయమన్న మాటకు ఇక్కడ ఆధారం లేదు. అయితే మాంసం వండే ‘తెలంగాణ’, ‘రాయలసీమ’ హోటళ్ళలో కూడా నాటుకోడి, మటన్, రొయ్యల దగ్గరే జాబితా ఆగిపోతుంది. మన వాడల్లో వండే వాటిలో చాలా వరకు అందులో ఉండవు.

వాటిలో కొన్నింటిని ఇక్కడ రాసి పెడుతున్నాం. మొదటిది పెద్దకూర. ఊరిని బట్టి దీన్ని పెద్ద మాంసం, గొడ్డు మాంసం అని కూడా అంటారు. హైదరాబాద్ పాతబస్తీలో ‘బడే కా’ అంటే చాలు. రెండోది ఎండు తునకలు. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దండెం మీద ఆరేసి ఎండబెడతారు. నిప్పుల మీద కాల్చి దంచుకుంటారు, లేదా నానబెట్టి గోంగూరతోనో దోసకాయతోనో వండుతారు. ఫ్రిజ్ లేని ఇళ్ళలో మాంసాన్ని నెలల పాటు నిలవ చేసుకున్న విద్య అది. మూడోది బోటి. వేడి నీళ్ళలో వేసి, గీకి, పదే పదే కడిగి, చింతచిగురుతోనో గోంగూరతోనో వండుతారు. నాలుగోది నల్ల, అంటే గడ్డకట్టిన రక్తంతో చేసే వేపుడు. ఇక తలకాయ కూర, కాళ్ళ పులుసు సంగతి చెప్పనక్కర్లేదు. బోటి, తలకాయ ఇప్పుడు కొన్ని హోటళ్ళ మెనూల్లోకి వచ్చాయి, కానీ మేకవో గొర్రెవో అయితేనే. పెద్దకూర, ఎండు తునకలు, నల్ల ఇంకా గడప బయటే ఉన్నాయి.

“చట్టం ఒప్పుకోదు కదా” అని కొందరు హోటల్ వాళ్ళు అంటారు. అది సగం నిజం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్నది 1977 నాటి గోవధ నిషేధ, జంతు పరిరక్షణ చట్టం. అది ఆవునూ దూడలనూ వధించడాన్ని నిషేధించింది. వ్యవసాయానికీ, పాడికీ, సంతానోత్పత్తికీ పనికిరాదని అధికారి ధ్రువపత్రం ఇచ్చిన ఎద్దు, దున్న, గేదెలను వధించడానికి వీలు కల్పించింది. నగరంలో పెద్దకూర వండే హోటళ్ళు బహిరంగంగానే నడుస్తున్నాయి. కాబట్టి మెనూలో అది లేకపోవడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. వచ్చే గిరాకీ కులం, పెట్టుబడి పెట్టినవాడి కులం, ‘కుటుంబాలు రావేమో’ అనే భయం కూడా కారణాలే.

ఆ భయాన్ని బద్దలుకొట్టడానికే విద్యార్థులు ఈ తిండిని క్యాంపస్ మధ్యకు తెచ్చారు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన, వామపక్ష విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు. హాస్టల్ మెస్‌లో మా తిండి కూడా ఉండాలన్నది వాళ్ళ డిమాండ్. దాన్ని వ్యతిరేకించిన వాళ్ళతో ఘర్షణలు జరిగాయి, పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. 2015 డిసెంబర్‌లో మళ్ళీ తలపెడితే హైకోర్టు అనుమతించలేదు. ఒక ప్లేటు కూర కోసం అంత గొడవ ఎందుకని అడిగిన వాళ్ళున్నారు. ఆ కూర ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టే గొడవ జరిగింది.

ఇష్టంగా తిన్నదీ, తినక తప్పనిదీ

ఇక్కడ మనం మనతో కూడా నిజాయితీగా ఉండాలి. వాడలో తిన్నదంతా ఇష్టంతో తిన్నది కాదు. చచ్చిన పశువును మోయాలి, దాని మాంసమే తినాలి అన్నది వెట్టిలో భాగం. 1927 మార్చిలో మహద్ సభలో బాబాసాహెబ్ అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం తినడం మానమని పిలుపునిచ్చారు. ఆయనే 1948లో ‘అంటరానివారెవరు?’ గ్రంథంలో గోమాంసం తినడానికీ అంటరానితనం పుట్టుకకూ ఉన్న సంబంధాన్ని చరిత్రగా చర్చించారు. ఈ రెంటికీ వైరుధ్యం లేదు. బలవంతంగా తినిపించిన దాన్ని తిరస్కరించడం, ఇష్టంగా తినేదాన్ని కాపాడుకోవడం ఆత్మగౌరవానికి రెండు ముఖాలు.

జొన్న గటుక, అంబలి, సజ్జ రొట్టె విషయం కూడా ఇలాంటిదే. అవి కూలి జనం తిండిగా చిన్నచూపుకు గురయ్యాయి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పేదల ఇంట్లోకి వరి అన్నం రోజూ వచ్చింది. ఆకలి తీరింది. పండగనాడు తినే బువ్వ రోజూ దొరకడం గౌరవంగానూ అనిపించింది. ఇప్పుడు అవే జొన్నలు, సజ్జలు ‘సిరిధాన్యాలు’ అనే కొత్త పేరుతో ఏసీ హోటళ్ళలో ఖరీదైన పళ్ళెంగా తిరిగొచ్చాయి.

ఈ ధాన్యాల విత్తనాలను పోకుండా కాపాడిన వాళ్ళెవరో గుర్తుంచుకోవాలి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, బీడు భూముల్లో చిరుధాన్యాలను మళ్ళీ పండించారు. జహీరాబాద్‌లో ఆ సొసైటీ ‘కెఫె ఎత్నిక్’ పేరుతో చిరుధాన్యాల హోటల్ కూడా నడిపింది. 2019లో ఈ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఏ హోటల్‌లోనైనా మిల్లెట్ థాలీ కనబడితే ఆ ధాన్యం ఏ ఊరి నుంచి, ఎవరి చేతి నుంచి వచ్చిందో అడగండి. జవాబు చెప్పగలిగితే ఆ హోటల్ మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు.

నగరంలో ఎక్కడెక్కడ వెతకాలి

పాతబస్తీ తెల్లవారుజామున మొదలవుతుంది. నహారి రాత్రంతా సన్నని మంట మీద ఉడికే వంట. నాలుక, కాళ్ళు వేసిన పులుసును చార్ కోని నాన్‌తో తింటారు. పొద్దున్నే వెళ్ళాలి. పొద్దెక్కే సరికి గిన్నె ఖాళీ అయ్యే చోటు మంచి చోటు. రోజంతా దొరికే నహారిని కాస్త అనుమానించాల్సిందే.

కల్యాణి బిర్యానీ పెద్దకూరతో చేసేది. చిన్న ముక్కలు, టమాటా పులుపు, జీలకర్ర, ధనియాల వాసన దాని లక్షణాలు. బీదర్ వైపు కల్యాణి నవాబుల ఇంటి పేరు మీదుగా వచ్చిందని చెప్తారు. పేదల బిర్యానీ అని దానికి పేరు. హైదరాబాద్ బిర్యానీ గురించి రాసే పెద్ద పుస్తకాల్లో దానికి చోటు తక్కువే. విద్యార్థి జేబుకు మాత్రం అదే దగ్గర.

బార్కాస్‌లో అరబ్బుల వంట ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ళ వారసులు అక్కడున్నారు. మందీ వాళ్ళ వంటకం. నేలలో తవ్విన తందూరు గుంటలో మాంసాన్ని నెమ్మదిగా మగ్గనిచ్చి, ఆ రసం కింది అన్నంలోకి దిగేలా చేయడం దాని పద్ధతి. పసుపు రంగు అన్నం మీద వేయించిన కోడి ముక్క పెట్టి మందీ అంటే నమ్మకండి. దాన్ని పెద్ద పళ్ళెంలో పెడతారు, చుట్టూ కూర్చుని అందరూ ఒకే పళ్ళెంలో తింటారు. రెండు గ్లాసుల పద్ధతి చూసి పెరిగిన మనకు ఆ పళ్ళెం చుట్టూ కూర్చోవడం మామూలు విషయం కాదు.

తెలంగాణ పల్లె వంట కావాలంటే పెద్ద బోర్డుల కన్నా బస్టాండ్ల దగ్గరి మెస్‌లు, కూరల పాయింట్లు, అడ్డా కూలీలు తినే బండ్లు, కల్లు కాంపౌండ్ల దగ్గరి చాక్నా బండ్లు చూడండి. జొన్న రొట్టెను చేత్తో తడుతున్నారా, గోధుమ పిండి కలుపుతున్నారా చూడండి. అంచులు కాస్త పగిలిన రొట్టె జొన్నదే అయి ఉంటుంది. పచ్చి పులుసును కాచరు, అందుకే దానికి ఆ పేరు. వేడి వేడిగా మరిగించి తెస్తే వంటవాడికి అది తెలియదని అర్థం.

మలయాళీల హోటళ్ళలో కొబ్బరి ముక్కలు వేసిన బీఫ్ వేపుడు, పరోటా దాపరికం లేకుండా దొరుకుతాయి. ఈశాన్య రాష్ట్రాల వంట కోసం విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల ఆ ప్రాంతపు విద్యార్థులను అడగడమే మేలు. నాగా వంటలో గరం మసాలా ఉండదు, నూనె చాలా తక్కువ. పులియబెట్టిన సోయాతో చేసే అఖుని, వెదురు చిగుళ్ళు దానికి ప్రాణం. ఘాటైన వాసన రాని నాగా వంట మనకోసం సర్దుకున్న వంట.

ఆ వాసన చుట్టూ కూడా రాజకీయం ఉంది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల కోసం వేసిన చిన్న పుస్తకంలో అఖుని, వెదురు చిగుళ్ళ వంటి ‘వాసన వచ్చే’ వంటలు చేసేటప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోవాలని సలహా ఇచ్చారు. “మాంసం వండితే ఇల్లు ఖాళీ చేయండి” అనే మాట నగరంలో విన్న ప్రతి దళిత విద్యార్థికీ ఈ భాష పరిచయమే.

హోటల్‌ను అంచనా వేయడానికి ఆరు ప్రశ్నలు

ఒకటి: ఇది ఏ ప్రాంతం, ఎవరి ఇంటి వంట? ‘ఆంధ్ర’, ‘తెలంగాణ’ అనేవి చాలా పెద్ద మాటలు. ఫలానా ఊరి, ఫలానా జనం వంట అని చెప్పగలిగిన హోటల్ నిజానికి దగ్గరగా ఉంటుంది.

రెండు: మెనూలో ఏం లేదు? ఎందుకు లేదని మర్యాదగా అడగండి. “గిరాకీ లేదు” అంటే అది లెక్క. “మా దగ్గర అలాంటివి ఉండవు” అంటే ‘అలాంటివి’ అనే మాటను గమనించండి.

మూడు: వండేది ఎవరు, గిన్నెలు తోమేది ఎవరు? చాలా హోటళ్ళలో మనవాళ్ళు ఉంటారు, కానీ వెనక సింకు దగ్గర. పొయ్యి దగ్గరికీ, గల్లా దగ్గరికీ మనవాళ్ళు చేరిన చోటు వేరు.

నాలుగు: ఆ వంట మనుషులు అక్కడే తింటారా? నాగా హోటల్‌లో నాగాలు, మలయాళీ హోటల్‌లో మలయాళీలు కనిపించాలి. గోడ మీది ఎడ్లబండి చక్రం కన్నా ఇది మంచి రుజువు.

ఐదు: ధర ఎవరిని బయట ఉంచుతోంది? అంబలి తాగి పెరిగిన మనిషి అంబలి కొనలేని చోట ఆ రుచి ఎవరి కోసం?

ఆరు: శుభ్రత, పరిశుద్ధత ఒకటేనా? ఆహార భద్రత లైసెన్సు నంబరు 14 అంకెలతో గోడ మీద ఉండాలి, నీళ్ళు, గిన్నెలు శుభ్రంగా ఉండాలి. ఇది అందరి హక్కు. ‘ప్యూర్’ అనే మాట మాత్రం చాలాసార్లు మనుషుల గురించి అన్నదే. 2024 మార్చిలో జొమాటో శాకాహారుల కోసం వేరే డెలివరీ దళం, వేరే రంగు దుస్తులు అని ప్రకటించి, విమర్శలు రాగానే ఆకుపచ్చ దుస్తులను వెనక్కి తీసుకుంది. అప్పుడు ఆ రంగును బట్టి మనిషిని గేటు దగ్గర ఆపేస్తారని భయపడింది డెలివరీ కార్మికుల గురించే.

కొన్ని జాగ్రత్తలు

హోటల్ నడిపేవారి కులం అడగకండి. మనవాళ్ళు కొందరు బోర్డు మీద దేవుడి పేరో, ఊరి పేరో పెట్టుకుని కులం చెప్పకుండా బతుకుతున్నారు. అది వాళ్ళు ఎంచుకున్న దారి. మన పరిశోధన పేరుతో వాళ్ళ గిరాకీ పోగొట్టకూడదు. ఫోటో పెట్టే ముందు, పెద్దకూర దొరుకుతుందని చిరునామాతో సహా రాసే ముందు వాళ్ళ అనుమతి తీసుకోండి. మన మెప్పు వాళ్ళ మీద దాడికి దారి కాకూడదు.

కలిసి తింటే కులం పోతుందనీ అనుకోవద్దు. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పులయ కులస్థులతో కలిసి మిశ్రభోజనం జరిపించి తన సొంత ఈళవ కులం నుంచి వెలివేతను ఎదుర్కొన్నారు. అది గొప్ప ధైర్యం. అయినా సహపంక్తి భోజనాలు మాత్రమే కులాన్ని చంపలేవని 1936లో ‘కుల నిర్మూలన’లో అంబేద్కర్ హెచ్చరించారు. మన కూరను ఇష్టంగా తిని, మనకు ఇల్లు అద్దెకు ఇవ్వని వాళ్ళను మనం చూస్తూనే ఉన్నాం.

చివరగా ఒక పని. హోటల్ మెనూలోకి ఎక్కని వంటలు అమ్మలు, అమ్మమ్మలతోనే పోతున్నాయి. పుణె విశ్వవిద్యాలయ మహిళా అధ్యయన కేంద్రం 2009లో దళితుల తిండి జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చింది. మరాఠ్వాడా దళితుల వంటల మీద షాహూ పాటోళె 2015లో మరాఠీలో పుస్తకం రాశారు. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు తునకలు ఎలా ఆరేస్తారో, బోటి ఎలా కడుగుతారో, ఏ నెలలో ఏ ఆకుతో వండుతారో మనవాళ్ళ మాటల్లోనే రాసుకోండి. వీలైతే ఫోన్‌లో రికార్డు చేయండి.

ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. హోటల్ నుంచి బయటికొచ్చాక ఆమెను పాతబస్తీకి తీసుకెళ్ళి కల్యాణి బిర్యానీ తినిపించాం. “ఇది మనది కాదు గని, మనకు తెలిసిన కూరే” అంది. ఈ నగరంలో మన కూర మన పేరుతో దొరికే రోజు వచ్చేదాకా మనం వెతుకుతూనే ఉండాలి, అడుగుతూనే ఉండాలి.